గిటారు ఆంప్లిఫయరును ఇంటిలో కట్టుట

పూర్వము వాల్వు రేడియో ఉన్న ఇండ్లలో ఒక నిరీక్షణముండెడిది. మీట త్రిప్పిన వెంటనే మాట వినబడెడిది కాదు. ముందుగా ముఖపలకపై దీపము వెలిగెడిది, కొంతసేపు నిశ్శబ్దము, పిదప ఎక్కడో దూరమునుండి వచ్చుచున్నట్లు సన్నని హోరు, దాని వెనుక మాట. వార్తల వేళకు ఒక నిమిషము ముందుగనే రేడియో పెట్టవలెనని ఇంటి పెద్దలు హెచ్చరించుచుండెడివారు. 1947వ సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. అటుపిమ్మట కొన్ని సంవత్సరములకు ఆ నిరీక్షణము మన ఇండ్లనుండి తొలగిపోయినది. వాల్వులును దానితోడనే అటకలెక్కినవి.

కాని ఒకచోట వాల్వు నేటికిని తన స్థానమును విడువలేదు. అది ఎలెక్ట్రిక్ గిటారు ఆంప్లిఫయరు. తీగ వాయిద్యపు మెల్లని స్వరమును సభ యంతటికి వినిపించు ఆ ధ్వనివర్ధకము కొరకు స్లొవేకియా, రష్యా, చైనా దేశములలో నేటికిని వాల్వులు తయారగుచున్నవి. అట్టి ఆంప్లిఫయరు నొకదానిని విడిభాగముల కిట్టునుండి మా ఇంటి వసారాలో మేము కట్టిన వృత్తాంతమును, అందు మేము నేర్చిన దానిని, నేర్వక ముందు చేసిన ఒక పొరపాటును నేడు మనవి చేయుదుము.

మా మేనల్లుడు గిటారు వాయించును. వానికి ఆంప్లిఫయరు కావలసివచ్చినది. ట్రాన్సిస్టర్లతో పనిచేయు చిన్న యంత్రములు అంగడిలో తక్కువ వెలకే దొరకును. కాని వానికి వాల్వు ధ్వనియే కావలెను. పాత రేడియోలను విప్పి బాగుచేయు సరదా మాకు చిరకాలముగా నున్నది గనుక, కిట్టు తెప్పించి మేమిరువురము కలసి కట్టుటకు నిశ్చయించితిమి.

మేము ఎన్నుకొన్న నమూనా పేరు 5ఎఫ్1. ఇది ఫెండరు సంస్థవారు 1950ల ఉత్తరార్ధమున ‘చాంప్’ అను పేర అమ్మిన చిన్న ఆంప్లిఫయరు యొక్క వలయము. ఆ సంస్థను స్థాపించిన లియో ఫెండరు 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణము పెట్టినవాడు. ఆయనకు గిటారు వాయించుట రాదు. తమ పెట్టెలను బాగుచేయించుకొనుటకు వచ్చిన వాద్యగాండ్ర మాటలు వినుచు ఆయన ఈ విద్యను వృద్ధిచేసెను. కావున గిటారు ఆంప్లిఫయరు రేడియోకు దూరపు చుట్టము కాదు. దాని కడుపున పుట్టిన బిడ్డయే. రేడియోలో కేంద్రమును పట్టు భాగమును తీసివేసి, ధ్వనిని పెంచు భాగమును మాత్రము ఉంచుకొన్నచో మిగులునది ఇదియే.

దీని పని తీరును కొంచెము చెప్పవలసియున్నది. ఎలెక్ట్రిక్ గిటారు తీగలు ఉక్కుతో చేయబడినవి. వాని క్రింద అయస్కాంతములు, ఆ అయస్కాంతములచుట్టు వెండ్రుకవంటి రాగితీగ కొన్ని వేల చుట్లు చుట్టబడియుండును. ఉక్కుతీగ కంపించినపుడు ఆ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. అది ఒక వోల్టులో పదియవ వంతో, రెండు మూడు వంతులో మాత్రమే. దానితో లౌడుస్పీకరు కదలదు.

ఇక వాల్వు. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో నడుమ కాథోడు, దానిలోపల దానిని వేడిచేయు హీటరు, చుట్టును గ్రిడ్డు అను సన్నని తీగల వల, దానికావల ప్లేటు ఉండును. వేడెక్కిన కాథోడునుండి ఎలెక్ట్రానులు వెలువడి ప్లేటువైపు పరుగిడును. నడుమనున్న గ్రిడ్డుపై విద్యుత్తు రవంత మారిన చాలును, ఈ ప్రవాహము పెద్దగా మారును. కాలువ తూమువద్ద లష్కరు పలకను ఒక అంగుళము ఎత్తిదించినంతనే దిగువ పొలములకు పోవు నీరు ఎట్లు హెచ్చి తగ్గునో ఇదియు నట్లే. లష్కరు బలము స్వల్పము. నీటి బలము గొప్పది. గిటారు లష్కరు వంటిది. నీటి బలమునిచ్చునది గోడలోని విద్యుత్తు.

5ఎఫ్1లో మూడు వాల్వులు కలవు. మొదటిది 12ఏఎక్స్7, ఒకే బుడ్డిలో రెండు వాల్వుల యిమిడిక. దీనిలోని మొదటి సగము గిటారునుండి వచ్చు సంకేతమును దాదాపు ముప్పది రెట్లు పెంచును. రెండవ సగము దానిని మరల పెంచును. రెండవది 6వి6, లౌడుస్పీకరును కదల్చు శక్తి దీనిది. మూడవది 5వై3, ఇది ధ్వనిని పెంచదు. ఇటునటు ఊగులాడు విద్యుత్తును ఒకే దిక్కునకు మరల్చి తక్కిన రెండింటికి ఆహారమొసగును. ఈ మూడును కలసి ఇచ్చు శక్తి సుమారు ఐదు వాట్లు. ఇది స్వల్పమని తోచవచ్చును గాని ఒక గదిని నింపుటకు చాలును. పొరుగువారితో తగవు తెచ్చుటకును చాలును.

కిట్టు వచ్చిన సాయంకాలము మా మేనల్లుడు సాల్డరింగు ఐరనును వెంటనే వేడిచేయబోయెను. మేము వారించి, మొదటి సాయంకాలమంతయు లెక్కపెట్టుటకే వినియోగించితిమి. నిరోధకముల విలువలు రంగుల పట్టెలలో వ్రాయబడియుండును. ఎరుపు, ఎరుపు, నారింజ అనిన 22 వేల ఓములు. ఎరుపు, ఎరుపు, పసుపు అనిన 2 లక్షల 20 వేల ఓములు. దీపపు వెలుతురులో నారింజకు పసుపునకు భేదము తెలియుట కష్టము. ఈ రెండును మన వలయములో ఉన్నవి; ఒకదాని స్థానమున నొకటి పడినచో యంత్రము పలికినను సరిగా పలుకదు. మీటరుతో ప్రతిదానిని కొలిచి, కాగితముపై అంటించి, ప్రక్కన విలువ వ్రాసితిమి. కంటితో చూచి వేరుచేసిన వానిలో ఒకటి తప్పుగా నుండెనని మీటరు చెప్పినది.

తరువాతి మూడు సాయంకాలములు అతుకులు పెట్టుటతో గడచినవి. సాల్డరింగులో ప్రధానమైన రహస్య మొక్కటియే: వేడిచేయవలసినది టంకమును కాదు, అతుకబడు లోహములను. అవి తగినంత వేడెక్కినపుడు టంకము తనంతట తాను నీరువలె ప్రాకి, చల్లారి మెరయును. లోహము చల్లగా నుండగా పైన కరిగించి పోసిన టంకము ముద్దగా నిలుచును. చూచుటకు అతికినట్లే యుండును గాని అతికియుండదు.

12ఏఎక్స్7, 6వి6 వాల్వుల హీటర్లకు 6.3 వోల్టుల ఊగులాడు విద్యుత్తు పోవును. ఆ రెండు తీగలను జడవలె గట్టిగా మెలివేసి, ఛాసీ మూలవెంబడి, గ్రిడ్డు తీగలకు దూరముగా నడుపవలెను. ఈ పని విసుగు పుట్టించును. కాని ఇచట చేసిన తొందర తరువాత హోరుగా వినబడును.

ఇక విద్యుత్తు నిచ్చుట. కిట్టులోని ట్రాన్సుఫార్మరుకు 120 వోల్టులకొక కొస, 240 వోల్టులకొక కొస కలవు. మన దేశమున గోడలో 230 వోల్టులుండును గనుక రెండవ కొసనే కలుపవలెను. మూడు కాళ్ల ప్లగ్గులోని భూమి తీగను ఛాసీకి మరచుట్టతో బిగించవలెను. ఫ్యూజు ఉండవలెను. వీనికి తోడు పాతకాలపు రేడియో మెకానికులు పాటించు నుపాయమొకటి కలదు. లోపల సన్నతీగ వెలుగునట్టి 100 వాట్ల బల్బు నొకదానిని యంత్రముతో వరుసగా కలుపుదురు. లోపల ఎక్కడైన తీగలు తగిలియున్నచో బల్బు పూర్తిగా వెలిగి యంత్రమును కాపాడును. అంతయు సరిగా నున్నచో ఒక్క క్షణము వెలిగి మందగించును. నేటి ఎల్‌ఈడీ బల్బులు ఈ పనికి రావు.

ఐదవ సాయంకాలము 5వై3 వాల్వు నొక్కదానినే అమర్చి, కొద్ది క్షణములు స్విచ్చి వేసి చూచితిమి. బల్బు వెలిగి మందగించినది. మీటరు 400 వోల్టులకు పైగా చూపినది. తక్కిన రెండు వాల్వులు లేక భారము లేనందున పీడనము ఇట్లు హెచ్చుగా నుండుట సహజమే. స్విచ్చి తీసి, ప్లగ్గును గోడనుండి ఊడదీసి, భోజనమునకు లేచితిమి. లేచుచు మేము వానితో ననిన మాట మాకు చక్కగా జ్ఞాపకమున్నది: “ప్లగ్గు తీసేశాం, ఇక భయం లేదు.”

ఇస్త్రీపెట్టె విషయమున ఈ మాట నిజము. పంకా విషయమున నిజము. కాని దీని విషయమున అబద్ధము.

ఈ యంత్రములో విద్యుత్తును నిలువచేయు కండెన్సర్లు కలవు. వాల్వులన్నియు ఉన్నపుడు స్విచ్చి తీసినను వాల్వులు చల్లారులోపల ఆ నిలువ వానిగుండ పోవును. వాల్వులు లేనపుడు అది పోవుటకు దారి లేదు. చెరువుకు తూము మూసినట్లు నిలిచియుండును. ఇది మాకు తెలియని విషయము కాదు. తెలిసినదే. అయినను అలవాటుగా నోట వచ్చిన మాటను అనివేసితిమి. వాడు దానిని నమ్మినాడు.

మేము చేయి కడుగుకొని వసారాలోనికి వచ్చునప్పటికి వాడు ముందుగనే భోజనము ముగించి ఛాసీమీదికి వంగియుండెను. అడ్డముగా నున్న ఒక తీగ కొసను వ్రేలితో ప్రక్కకు నెట్టబోవుచుండెను. ఆ కొస కండెన్సరుకు పోవునట్టిది. మేము మణికట్టు పట్టి లాగితిమి. వాడు నిర్ఘాంతపడి, “ప్లగ్గు తీసే ఉంది కదా, మామయ్యా!” అనెను. జవాబు చెప్పక మీటరు తెచ్చి ఆ కొసకు పెట్టితిమి. 310 వోల్టులు. ప్లగ్గు ఊడదీసి పది నిమిషములు గడచినవి.

కొంతసేపు ఇరువురమును మాటాడలేదు. వంటయింటిలో వాని తల్లి, మా చెల్లెలు, గిన్నెలు సర్దుచున్న చప్పుడు వినబడుచుండెను. ఆ చప్పుడు విన్నంతసేపు మాకు కలిగిన సిగ్గు ఇంతయని చెప్పజాలము. తప్పు వానిది కాదు, మాది. పిదప పది వేల ఓముల నిరోధకమునకు రెండు కొసలను రబ్బరు తొడుగులు గల తీగలు కట్టి, ఒక కొస ఛాసీకి, రెండవది కండెన్సరుకు తగిలించి, మీటరు ముల్లు సున్నకు దిగువరకు ఉంచితిమి. ఆ రాత్రియే 2 లక్షల 20 వేల ఓముల, 2 వాట్ల నిరోధకము నొకదానిని మొదటి కండెన్సరుకు అడ్డముగా శాశ్వతముగా అతికితిమి. స్విచ్చి తీసిన అర నిమిషములోపల నిలువయంతయు దానిగుండ పోవును. పటములో అది లేదు. ఉండవలెనని మా అభిప్రాయము. ఐనను దానిని మాత్రమే నమ్మరాదు. అదియు ఒకనాడు తెగవచ్చును. చేయి పెట్టుటకు ముందు మీటరు పెట్టుటయే శరణ్యము.

మరునాడు వాల్వులన్నియు అమర్చి, లౌడుస్పీకరు కలిపి స్విచ్చి వేసితిమి. లౌడుస్పీకరు లేకుండ ఇట్టి యంత్రమును నడుపరాదు. నడిపినచో కడపటి ట్రాన్సుఫార్మరు చెడవచ్చును. హీటర్లు ఎర్రబడినవి. పాత రేడియో నాటి నిరీక్షణము మరల అనుభవమునకు వచ్చినది. పిదప గిటారు తాకకుండగనే యంత్రము పెద్ద కూత పెట్టినది. వంటయింటినుండి మా చెల్లెలు గరిటెతో సహా పరుగెత్తుకొని వచ్చినది. స్విచ్చి తీసితిమి.

మా మేనల్లుడు అతుకులన్నియు విప్పి మరల పెట్టుదమనెను. మేము వలదని, ధ్వని పోవు దారిని కాగితముపై గీయుమంటిమి. ఈ వలయములో ఒక విశేషము కలదు. లౌడుస్పీకరువద్దనుండి కొంత సంకేతము 22 వేల ఓముల నిరోధకముగుండ వెనుకకు వచ్చి, 12ఏఎక్స్7 రెండవ సగపు కాథోడును చేరును. అది ముందుకు పోవు సంకేతమునకు ఎదురుగా నిలిచి దాని దోషములను తగ్గించును. వాడు ఆ దారిపై వ్రేలుంచి చాలసేపు చూచి, “వెనక్కి వచ్చేది తగ్గించాలి కదా, మామయ్యా. ఇది పెంచుతున్నట్టుంది” అనెను. అదియే జబ్బు. కడపటి ట్రాన్సుఫార్మరు తీగలు తారుమారైనచో వెనుకకు వచ్చు సంకేతము ఎదిరించుటకు మారు తోడ్పడును. తోడ్పాటు పెరిగి కూతగా మారును. లౌడుస్పీకరు వైపున్న రెండు తీగలను ఒకదానిచోట నొకటి మార్చిన చాలును.

వాడు ప్లగ్గు ఊడదీసెను. కొంతసేపు ఆగెను. మేమేమియు చెప్పకుండగనే మీటరు తీసి కండెన్సరుకు పెట్టి, అంకెను పైకి చదివెను: “రెండు వోల్టులు.” అప్పుడే చేయి లోపల పెట్టెను.

కూత పోయినది, సన్నని హోరు మిగిలినది. దాని మూలమును కనుగొనుటలో ఈమారు వాద్యగాని చెవి మా మీటరు కన్న మిన్నగా పనిచేసినది. మన విద్యుత్తు సెకనుకు 50 సారులు ఊగులాడును. హీటరు తీగలనుండి వచ్చు హోరు ఆ 50 కంపనములదే. 5వై3 వాల్వుగుండ వచ్చిన విద్యుత్తు సరిగా వడపోయబడక వచ్చు హోరు దానికి రెట్టింపు, 100 కంపనములది. గిటారు లావు తీగను మూడవ మెట్టుపై నొక్కి మీటిన 98 కంపనములు వచ్చును. అనగా వడపోతలో దోషమున్నచో హోరు ఆ స్వరముతో ఇంచుమించు కలియవలెను. వాడు తీగ మీటి, చెవి యొగ్గి, “ఇది దానికి కింది స్థాయిలో ఉంది” అనెను. కావున దోషము హీటరు వైపుననే. వెదకగా హీటరు తీగలను ఛాసీతో సమతూకముగా కలుపు రెండు 100 ఓముల నిరోధకములలో ఒకదాని అతుకు ముద్దగా, మెరుపు లేక కనబడినది. మేము పెట్టిన అతుకే. మరల వేడిచేయగా టంకము ప్రాకి మెరసినది. హోరు చెవికి ఆననంతగా తగ్గినది.

కడపట 6వి6 వాల్వు ఆరోగ్యమును పరీక్షించితిమి. దాని కాథోడువద్ద 470 ఓముల నిరోధకము కలదు. దానిపై మీటరు 19 వోల్టులు చూపినది. ఓము సూత్రము ననుసరించి 19ని 470చే భాగించిన సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ప్లేటునకు కాథోడునకు నడుమ 310 వోల్టులు. రెండింటిని గుణించిన 12 వాట్లకు కొంచెము పైన. ఈ వాల్వు భరింపగలిగిన మేర 12 నుండి 14 వాట్లు. వాల్వు సుఖముగా నున్నదనుటకు ఈ లెక్క చాలును. దీనిని వాని చేతనే వేయించితిమి.

వాడు గిటారు తగిలించి మెల్లగా మీటెను. మెల్లగా మీటినపుడు ధ్వని తేటగా, గుండ్రముగా నుండెను. గట్టిగా మీటినపుడు వాల్వు దానిని ఒక్కసారిగా ఖండింపదు. క్రమముగా అణచి, అసలు స్వరమునకు పైస్థాయి స్వరమును కొంచెము చేర్చును. గాయకుడు గొంతు పెంచినపుడు అందు కలుగు జీరవంటిది ఈ మార్పు. వాద్యగాండ్రు వాల్వును విడువకుండుటకు కారణమిదియే. శుద్ధమైన వర్ధనము కావలసినవారికి ఇది దోషము. గిటారు వాయించువారికి ఇదియే గుణము.

శ్రోతలలో యువకులెవరైన ఇట్టి పనికి పూనుకొనదలచినచో మా మనవి యొక్కటియే. కిట్టులో భాగములు వచ్చును, పటము వచ్చును. ఏ తీగలో ఎప్పుడేమున్నదను ఎరుక మాత్రము రాదు. అది తెలిసినవారి ప్రక్కన కూర్చుండి నేర్వవలెను. నేర్పువారును తమ మాటను తూచి చెప్పవలెను. కట్టు పని తెలియనివారు అటకమీది పాత వాల్వు రేడియోను కూడ విప్పి చేయి పెట్టరాదు. దానిలోను ఇవే కండెన్సర్లు కలవు.

ఇప్పుడు మా వసారాలో సాయంకాలము పూట ఆ పెట్టె పలుకుచున్నది. స్విచ్చి వేసిన పిమ్మట ధ్వని వచ్చువరకు మా మేనల్లుడు గిటారు ఒడిలో పెట్టుకొని ఊరక కూర్చుండును. పెట్టె మూతపై వాడు తన దస్తూరితో నొక చీటి అంటించినాడు: “ముందు మీటరు, తరువాత చేయి.” అది వ్రాయుమని మేము చెప్పలేదు.